ఏలూరు రోడ్డు పుస్తకం ఏ దారిన వచ్చింది?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



సంక్రాంతి వెళ్ళిన వారంలో మా అత్తగారు ఒక కోరిక కోరారు. ఆవిడకి ఈమధ్య చూపు కాస్త మందగించింది. "పెద్ద అక్షరాల్లో భాగవత కథలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడమ్మాయ్" అన్నారు. జనవరి మొదట్లో మా విజయవాడలో పుస్తకాల పండగ జరుగుతున్నన్నాళ్ళూ ఆవిడకీ గుర్తురాలేదు, నాకూ తట్టలేదు. డేరాలు పీకేశాక గుర్తొచ్చింది. మా అమ్మాయి ఫోను తీసి, ఓ ఆన్‌లైను దుకాణంలో వెతికి, నిమిషంలో ఆర్డరు పెట్టేసింది. పనిలో పనిగా తన ఇంటర్ పరీక్షకి ఫిజిక్సు గైడు కూడా ఒకటి పెట్టుకుంది.

గైడు మర్నాడు మధ్యాహ్నానికే వచ్చేసింది. భాగవతం ఆరోరోజున వచ్చింది. అట్టపెట్టె మీద అంటించిన కాగితం చూస్తే, అది బయల్దేరింది హైదరాబాదు అవతలి గోడౌను నించి. పుస్తకం మొదటి పేజీ తిప్పితే, ప్రచురణకర్తల చిరునామా ఏలూరు రోడ్డు, విజయవాడ! సత్యనారాయణపురంలో మా ఇంటి నించి ఏలూరు రోడ్డుకి ఆటో కూడా అక్కర్లేదు, కూరలకి వెళ్ళినట్టు నడిచి వెళ్ళి రావచ్చు. ఆ పుస్తకం 275 కిలోమీటర్లు పోయి, మళ్ళీ అంత దూరమూ తిరిగి మా ఇంటికి చేరింది. "అత్తారింటికెళ్ళి అలిగి తిరిగొచ్చిన కొత్త పెళ్ళికూతురిలా ఉందే నీ పుస్తకం" అని మావారు నవ్వారు.

ఆయన నవ్వేసి ఊరుకున్నారు గాని నాకు మాత్రం ఆ సంగతి తేలేదాకా నిద్రపట్టలేదు. ఒక పుస్తకం మర్నాడే ఎందుకొచ్చింది? ఇంకోటి పక్కవీధిలోదై ఉండీ ఆరు రోజులెందుకు తీసుకుంది? మా అక్క కొడుకు ఒకడు ఇలాంటి గోడౌనులోనే రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. పండక్కి వచ్చినవాణ్ణి కూచోబెట్టి అడిగాను. తరవాత నేనూ కొంత చదివాను. తెలుసుకున్నది మీతో చెబుతాను.

మన ఇంట్లో సామాను ఎలా పెట్టుకుంటామో ఒక్కసారి తలచుకోండి. బియ్యం, కందిపప్పు, చింతపండు ఏడాదికో ఆరునెలలకో సరిపడా తెచ్చి డబ్బాల్లో పోసుకుంటాం. కూరలు ఏ రోజుకారోజే. ఇక జాజికాయో, జాపత్రో, ఎప్పుడో ఏడాదికోసారి కావలసిన సరుకైతే ఇంట్లో ఉంచుకోం. అవసరం వచ్చినప్పుడు కొట్టుకి పంపిస్తాం, లేదా పక్కింటి పిన్నిగారి తలుపు కొడతాం. ఏది ఇంట్లో ఉండాలి, ఏది కొట్లోనే ఉండాలి అన్న ఈ తెలివి మనకి ఎవరూ పాఠం చెప్పలేదు. పుస్తకాలమ్మే ఆన్‌లైను దుకాణాల వ్యాపార రహస్యమంతా సరిగ్గా ఇదే. పెద్ద చదువులు చదివినవాళ్ళు దాన్ని సప్లయి చైను అంటారు. అంటే సరుకు పుట్టిన చోటు నించి మన గుమ్మం దాకా వచ్చే గొలుసు అన్నమాట. ఆ గొలుసులో పుస్తకం ఏ లంకె దగ్గర ఆగి మనకోసం ఎదురుచూస్తుంది, ఆగినన్నాళ్ళూ ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నదే అసలు ప్రశ్న.

ఈ వ్యాపారంలో అందరికంటే పెద్ద పేరు తెచ్చుకున్నది అమెజాన్. దాన్ని జెఫ్ బెజోస్ అనే ఆయన 1994లో అమెరికాలో, సియాటిల్ నగరం పక్కన ఓ ఇంటి కారు షెడ్డులో మొదలుపెట్టాడు. 1995 జూలైలో అమ్మకాలు ప్రారంభించాడు. అప్పుడు అమ్మింది పుస్తకాలు మాత్రమే. చీరలూ కాదు, చెప్పులూ కాదు, పుస్తకాలే ఎందుకు? మూడు నాలుగు కారణాలున్నాయి. పుస్తకం కుళ్ళదు, మురగదు. ఎక్కడ కొన్నా అదే పుస్తకం, చీరలాగా చేత్తో పట్టుకు చూడక్కర్లేదు, రవికలాగా కొలత అక్కర్లేదు. అన్నిటినీ మించి, ప్రపంచంలో అచ్చులో ఉన్న పుస్తకాలు లక్షల్లో ఉంటే, ఎంత పెద్ద కొట్టయినా వాటిలో కొన్నిటినే అలమరలో పెట్టగలదు. అన్నీ ఉన్న కొట్టు అని చెప్పుకోవాలంటే అలమర లేని కొట్టే కావాలి.

తమాషా ఏమిటంటే, అన్నీ ఉన్నాయని చెప్పుకున్న ఆ కొట్టులో మొదట్లో దాదాపు ఏమీ లేవు! ఆర్డరు రాగానే ఇంగ్రమ్ అనీ, బేకర్ అండ్ టేలర్ అనీ ఉన్న టోకు వర్తకుల దగ్గర్నించి తెప్పించి, విప్పి, మళ్ళీ కట్టి పంపేవారు. ఇంగ్రమ్ వారి పెద్ద గిడ్డంగి ఒకటి పక్కనే ఉన్న ఆరెగాన్ రాష్ట్రంలో రోజ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉండేది. సియాటిల్‌లో కొట్టు పెట్టడానికి అదీ ఒక కారణమే. అంటే, తన ఇంట్లో డబ్బాలు లేకుండా పక్కింటి పిన్నిగారి డబ్బాలు చూసుకుని వంట మొదలుపెట్టడం అన్నమాట.

ఆ టోకు వర్తకులు ఒకేసారి కనీసం పది పుస్తకాలు ఆర్డరు పెడితేగాని పంపేవారు కారట. వీళ్ళకి కావలసింది ఒక్కటే. అప్పుడేం చేశారో తెలుసా? పది ఆర్డరు పెట్టాలన్నారు గాని పదీ చేరాలన్న నిబంధనేం లేదు. మనం బిరియానీలో వేసుకునే రాతిపువ్వు ఉంది చూడండి, ఆ జాతి వాటి మీద రాసిన పుస్తకం ఒకటి, జాబితాలో పేరుంది గాని సరుకు ఎప్పుడూ నిల్వలేదు. కావలసిన పుస్తకం ఒకటి, ఈ రాతిపువ్వు పుస్తకాలు తొమ్మిది అని ఆర్డరు పెట్టేవారట. "తొమ్మిదీ లేవండీ, క్షమించండి" అని జవాబు రాసి, కావలసిన ఒక్కటీ పంపేవారట. బెజోసే ఈ కథ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు. మొదట్లో అందరూ సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద కూచుని పెట్టెలు కట్టేవారట. మోకాళ్ళు పచ్చి పుండై, "మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు కొనాలి" అని ఈయన అంటే, పక్కనున్నతను "మనకి కావలసింది బల్లలు" అన్నాడట. మర్నాడు బల్లలు కొంటే పని రెట్టింపు సాగిందట. ఇద్దరు ఆడవాళ్ళనడిగితే ఆ మాట మొదటి రోజే చెప్పేవారు అనిపించింది నాకు.

ఈ పద్ధతి ఎంతోకాలం సాగలేదు. ఆర్డర్లు పెరిగినకొద్దీ, ఇంకొకరి గోడౌను మీద ఆధారపడితే ఆలస్యం తన చేతిలో ఉండదు. పైగా టోకు వర్తకుడి లాభం మధ్యలో పోతుంది. బాగా అమ్ముడుపోయే పుస్తకాలనైనా ప్రచురణకర్త దగ్గర నేరుగా కొని సొంతంగా నిల్వ చేసుకోవాలి. అందుకని 1997లో దేశానికి ఆ చివర డెలావేర్ రాష్ట్రంలో ఒక గిడ్డంగి తెరిచారు. 1999లో నెవాడా, కాన్సాస్, కెంటకీ రాష్ట్రాల్లో భారీగా కట్టారు. మహానగరాల్లో స్థలం ఖరీదు, కాబట్టి లారీలకి రోడ్డు బాగుండి, అద్దె తక్కువుండే ఊళ్ళు వెతికారు. మన హైదరాబాదుకైనా చూడండి, ఇలాంటి గోడౌనులు ఆబిడ్స్‌లో ఉండవు, శంషాబాదు వైపూ, మేడ్చల్ వైపూ ఉంటాయి.

ఇక ఏ పుస్తకం ఎక్కడ ఉండాలి? బాగా అమ్ముడుపోయేవి కొద్ది. అవి మన బియ్యం, పప్పుల్లాంటివి. ప్రతి పెద్ద ఊరి శివార్లలోనూ పోసిపెట్టుకున్నా నష్టం లేదు, వారం తిరక్కుండా ఖాళీ అవుతాయి. ఇంటర్ పరీక్షల ముందు ఫిజిక్సు గైడు అలాంటిదే. అందుకే మర్నాడే వచ్చింది. నెలకి రెండో మూడో పోయేవి దేశం మొత్తానికి ఒకటి రెండు గోడౌనుల్లో ఉంటే చాలు. నాలుగు రోజులు ఆలస్యమైనా కొనేవాళ్ళు ఊరుకుంటారు. ఇక ఏడాదికి ఒకటో అరో పోయేవాటిని ఎవరూ గోడౌనులో పెట్టుకోరు, ఆర్డరు వచ్చాక ప్రచురణకర్తని అడుగుతారు. అదీ లేకపోతే, ఆర్డరు వచ్చాకే ఒక్క కాపీ అచ్చు వేసి పంపే యంత్రాలు కూడా వచ్చాయి. ఇంగ్రమ్ వారే 1997 ప్రాంతాల్లో ఆ పని మొదలుపెట్టారు. అలా వేసిన కాపీకి ఖర్చు ఎక్కువే, కాని వెయ్యి కాపీలు వేసి అటక మీద చెదలకి పెట్టే బాధ తప్పుతుంది.

ఇన్ని లక్షల పుస్తకాల్లో ఏదేమిటో తెలిసేది ఎలా అంటారా? పుస్తకం వెనక అట్ట మీద, నల్లగీతల పక్కన, 978తో మొదలయ్యే అంకెల వరస ఉంటుంది చూడండి. దాన్ని ఐ.ఎస్.బి.ఎన్. అంటారు. ఒకప్పుడు పది అంకెలుండేది, 2007 నించి పదమూడయ్యాయి. 978 తరవాత 81 గాని 93 గాని ఉంటే అది మన దేశంలో వేసిన పుస్తకం. పుస్తకానికి ఇది ఇంటిపేరూ గోత్రమూ అన్నీను. ఈ అంకె లేని పుస్తకం గోడౌను వాళ్ళ దృష్టిలో నడిరోడ్డు మీద తప్పిపోయిన పిల్లతో సమానం. మన తెలుగులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయితలు చాలామంది ఈ అంకె తీసుకోరు. రాజా రామమోహన్ రాయ్ పేరుతో ఉన్న ప్రభుత్వ సంస్థ దీన్ని ఉచితంగానే ఇస్తుంది. కవితలు రాసే అక్కచెల్లెళ్ళెవరైనా వింటుంటే ఈ మాట చెవిన వేసుకోండి.

గోడౌను లోపల ఎలా ఉంటుందో మావాడు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఒక అరలో ఫిజిక్సు గైడు, దాని పక్కన షాంపూ సీసా, పక్కన పిల్లల గిలక్కాయ, పక్కన భాగవతం. "అదేమిట్రా, పుస్తకాలన్నీ ఒకచోట పెట్టుకోరూ?" అన్నాను.

"పెట్టం పిన్నీ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టెయ్యడమే. పెట్టేటప్పుడు చేతిలో ఉన్న యంత్రంతో పుస్తకం మీది గీతలూ, అర మీది గీతలూ చదివిస్తాం. ఎక్కడుందో కంప్యూటరుకి తెలుస్తుంది, మాకు తెలియక్కర్లేదు" అన్నాడు.

వినగానే ఒళ్ళు మండింది గాని, ఆలోచిస్తే సబబుగానే ఉంది. రకానికో గది కేటాయిస్తే, ఆ సరుకు అయిపోయినప్పుడు గది ఖాళీగా పడుంటుంది, పక్కగదిలో చోటు చాలక కిందపడుతుంటాయి. ఇంకో లాభం ఉంది. ఒకే రంగు అట్టతో ఫస్టియరు గైడూ, సెకండియరు గైడూ పక్కపక్కనే ఉంటే హడావుడిలో ఒకదానికి ఒకటి తీస్తారు. గైడు పక్కన షాంపూ ఉంటే పొరపాటు పడమన్నా పడరు. మన పోపుల పెట్టెలో జీలకర్రా, సోంపూ పక్కపక్కన పోసుకుని తిట్టుకోవడం మనకి తెలియనిదా? ఒకే పుస్తకం పది కాపీలు పది చోట్ల ఉంటే, తీసుకురావలసిన మనిషికి దగ్గర్లో ఉన్నది చెప్పొచ్చు, నడక తగ్గుతుంది.

ఎందుకంటే ఈ పనిలో సగం నడకే. చేతిలో యంత్రం చెప్పినట్టు ఈ వరస నించి ఆ వరసకి రోజంతా తిరగడం. మావాడు వచ్చిన రోజున మెట్టు ఎక్కలేక గోడ పట్టుకున్నాడు. గంటకి ఇన్ని తియ్యాలని లెక్క ఉంటుందట. 2011 వేసవిలో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అమెజాన్ గిడ్డంగిలో ఉక్కకి కూలబడిపోయే పనివాళ్ళ కోసం అంబులెన్సులు వాకిట్లోనే నిలబెట్టి ఉంచారని అక్కడి స్థానిక పత్రిక బయటపెట్టింది. ఆ గొడవయ్యాకే చల్లగాలి యంత్రాలు పెట్టారు. 2012లో అదే కంపెనీ, అలమరల్నే మనిషి దగ్గరికి మోసుకొచ్చే చిన్న యంత్రాలు చేసే సంస్థ నొకదాన్ని 77 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టి కొనేసింది. మనిషి నడక ఎంత ఖరీదైనదో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. మనం పాలవాడి దగ్గర నెలంతా పాలు పోయించుకుని ఒకటో తారీకున డబ్బిస్తాం కదా. ఆ పాలతో మనం మజ్జిగ అమ్మి, ఏ రోజు డబ్బు ఆ రోజు పుచ్చుకున్నామనుకోండి. నెలాఖరు దాకా పాలవాడి డబ్బు మన చేతిలో తిరుగుతూనే ఉంటుంది. అమెజాన్ చేసిన పని అదే. కొనేవాళ్ళు కార్డు మీద ముందే డబ్బు కట్టేస్తారు. పుస్తకాలిచ్చినవాళ్ళకి ఎన్నో వారాల తరవాత ఇస్తే చాలు. మామూలు పుస్తకాల కొట్టువాడికి ఇది ఎదురుతిరుగుతుంది. అతను ముందు అలమరలు నింపాలి, నెలల తరబడి కూచోవాలి, అప్పుడు డబ్బు కనిపిస్తుంది. పెద్ద కంపెనీ గొప్పదనం పుస్తకాలు చవగ్గా ఇవ్వడంలో లేదు, ఈ మధ్యలో తిరిగే డబ్బులో ఉంది అని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ ఎత్తు మొదట్లో పారలేదు. ఇక్కడ ఫ్లిప్‌కార్ట్ అనే సంస్థ 2007లో బెంగుళూరులో, సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అనే ఇద్దరు కుర్రవాళ్ళతో మొదలైంది. ఇంటిపేరు ఒకటే గాని చుట్టాలు కారు. వాళ్ళూ ముందు పుస్తకాలే అమ్మారు. మొట్టమొదటి ఆర్డరు ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? మన మహబూబ్‌నగర్ నించి! అడిగిన ఇంగ్లీషు పుస్తకం వీళ్ళ దగ్గర లేదు. బెంగుళూరు కొట్లన్నీ గాలించి సంపాదించి పంపించారట. వీళ్ళదీ పక్కింటి డబ్బాల వంటే అన్నమాట. కాని మనవాళ్ళు చూడని సరుక్కి ముందే డబ్బు కట్టమంటే కడతారా? అందుకని 2010లో, సరుకు గుమ్మంలోకి వచ్చాకే డబ్బివ్వండి అన్న పద్ధతి పెట్టారు. అప్పుడు నాలుగు దిక్కుల నించీ ఆర్డర్లు వచ్చాయి.

ఇదేదో కొత్త సంగతని వాళ్ళు చెప్పుకున్నారు గాని, మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. వి.పి.పి. మరిచిపోయారా? మద్రాసు నించి, రాజమండ్రి నించి, విజయవాడ నించి పంచాంగాలూ, పురాణాలూ, నవలలూ పోస్టుమాన్ సంచీలోనే ఊరూరా తిరిగాయి. డబ్బు పోస్టుమాన్ చేతికిచ్చి కట్ట పుచ్చుకోవడం. అప్పటి ప్రచురణకర్తలకి ఒకటే భయం, ముచ్చటపడి ఉత్తరం రాసినవాళ్ళు కట్ట వచ్చేసరికి "మాకొద్దు" అంటారేమోనని. అలా తిరిగొచ్చిన కట్టకి రానూపోనూ ఖర్చు నెత్తిన పడేది. ఇప్పటి ఆన్‌లైను దుకాణాలకీ ఆ భయమే. కాకపోతే ఆ ఖర్చు ఎవరి నెత్తిన వెయ్యాలో ఇప్పటివాళ్ళకి బాగా తెలుసు. అది కాసేపట్లో చెబుతాను.

ఈలోగా ఆ ఫిజిక్సు గైడు కథ పూర్తి చెయ్యాలి. మర్నాడే వచ్చిందని సంబరపడ్డాం కదా. మూడో రోజున మా అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. 96వ పేజీ తరవాత 113 ఉంది. సరిగ్గా పదహారు పేజీలు, అంటే ఒక ఫారం, అసలు లేదు. బొమ్మల్లో గీతలు అలికినట్టున్నాయి, కాగితం ఈ పక్కది ఆ పక్కకి కనిపిస్తోంది. పక్కింటి అబ్బాయి దగ్గర అదే గైడు ఉంటే తెచ్చి పక్కన పెట్టి చూశాం. మాది దొంగ అచ్చు! పరీక్ష నెలరోజులు కూడా లేదు. తిప్పి పంపితే బదులు ఇంకో కాపీ వచ్చింది. అదీ అదే బాపతు. చివరికి డబ్బు వెనక్కిచ్చారు, నేను కాదనను. కాని మధ్యలో పోయిన తొమ్మిది రోజులు ఎవరిస్తారు? మావారు ఏలూరు రోడ్డుకి వెళ్ళి కొట్లో పేజీలు తిప్పి చూసి కొనుక్కొచ్చారు.

అంత పెద్ద దుకాణం దొంగ పుస్తకం అమ్మడమేమిటని నేను గింజుకుంటుంటే మావాడు అసలు సంగతి చెప్పాడు. "పిన్నీ, గోడౌను మాది గాని పుస్తకాలు మావి కావు." విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైను దుకాణాలు సరుకు సొంతంగా కొని నిల్వచేసి మనకి నేరుగా అమ్మకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2016లో స్పష్టంగా చెప్పారు, 2019 ఫిబ్రవరి 1 నించి ఇంకా బిగించారు. చిన్న వర్తకుల్ని కాపాడాలని దాని ఉద్దేశం. కాబట్టి దుకాణం ఒక సంతలాంటిది. అందులో అమ్మేవాళ్ళు వేరు. తమ సరుకు తెచ్చి గోడౌనులో పెట్టుకుంటారు, దుకాణం వాళ్ళు పెట్టెలో కట్టి పంపుతారు. ఒకే ఐ.ఎస్.బి.ఎన్. గల గైడుని పదిమంది అమ్ముతుంటారు. ఎవడు ఏ అచ్చుయంత్రంలో వేసుకొచ్చాడో నల్లగీతలు చదివే యంత్రానికి తెలియదు. దొంగ అచ్చు మీద కూడా ఆ గీతలు అచ్చంగా అవే ఉంటాయి కదా! అమెరికాలో అయితే వేర్వేరు వర్తకుల సరుకుని, గీతలు ఒకటేనని కలిపేసి ఉంచే పద్ధతి కూడా అమెజాన్ చాలా ఏళ్ళు నడిపింది. మంచివాడి దగ్గర కొన్నా చెడ్డవాడి సరుకు చేతికి రావచ్చన్నమాట.

అందుకని నేనిప్పుడు చేసేది చెబుతాను. ఆర్డరు పెట్టేముందు పుస్తకం పేరు కింద చిన్న అక్షరాల్లో అమ్మేవారి పేరుంటుంది, అది చూస్తాను. ప్రచురణకర్తే అమ్ముతుంటే మరీ మంచిది. పాఠ్యపుస్తకం, గైడు సగం ధరకి కనిపిస్తే ముట్టుకోను. పెట్టె రాగానే, మనిషి ఇంకా గుమ్మంలో ఉన్నా లేకపోయినా, పేజీల అంకెలు మొదటి నించి చివరిదాకా తిప్పుతాను. మంచి కాపీ అయినా అట్టమూలలు నలిగి వస్తే ఫోటో తీసి పెట్టుకుంటాను. వానాకాలంలో అయితే లోపల పలచటి ప్లాస్టిక్కు చుట్టారో లేదో చూస్తాను, తడిసిన పుస్తకం ఎండబెట్టినా అప్పడంలా ఉబ్బే ఉంటుంది.

మరి భాగవతం హైదరాబాదు ఎందుకు వెళ్ళినట్టు? కూరలకి వెళ్ళినప్పుడు దారిలో ఆ ప్రచురణకర్తల కార్యాలయంలోకి తొంగిచూశాను. కౌంటరులో ఒక పెద్దాయన ఉన్నారు. సంగతి చెబితే నవ్వి, "మీరొక్కరే కాదమ్మా, ఈ వీధివాళ్ళే అలా తెప్పించుకుంటున్నారు" అన్నారు. ఆయన లెక్క వేసి చూపించారు. అంకెలు నేను సులువు కోసం మార్చి చెబుతున్నాను. 150 రూపాయల పుస్తకం అనుకోండి. కాగితం, అచ్చు, బైండింగు, రచయిత పారితోషికం కలిపి 75 అయ్యాయనుకోండి. మిగిలిన 75లో దుకాణం వాళ్ళ కమీషను పోవాలి. గోడౌనులో ఆక్రమించిన చోటుకి నెల నెలా అద్దె పోవాలి. పెట్టెలో కట్టినందుకు ఇంత, మోసినందుకు ఇంత. మోతకి అరకిలోకో మెట్టు. పెద్ద అక్షరాల పుస్తకం లావుగా ఉంటుంది, అరకిలో దాటి పది గ్రాములున్నా రెండో మెట్టు లెక్కే. పుస్తకం మీద జి.ఎస్.టి. లేదు గాని ఈ మోతల మీదా అద్దెల మీదా ఉంది. చివరికి ఆయనకి మిగిలేది పదో పన్నెండో. కొన్నవాళ్ళు వద్దని తిప్పి పంపితే అదీ లేదు. ఇందాక చెప్పిన తిరిగొచ్చిన కట్ట ఖర్చులో పెద్దభాగం ఇక్కడికే వచ్చి వాలుతుంది.

"మరి మీరే ఇంటి నించి పంపొచ్చుగా?" అన్నాను.

"పంపొచ్చమ్మా. అలా అయితే 'రెండు రోజుల్లో వస్తుంది' అన్న ముద్ర మా పుస్తకానికి పడదు. ముద్ర లేకపోతే వెతికేవాళ్ళకి జాబితాలో ఎక్కడో అడుక్కి పోతుంది. అందుకని ప్రతి పుస్తకం పదేసి కాపీలు హైదరాబాదు గోడౌనుకి పంపాం. అక్కడ కూడా వచ్చిన లారీలన్నీ దింపి, గీతలు చదివి అరలో పెట్టేదాకా ఆగాలి. మీ పుస్తకానికి ఆరు రోజులు అక్కడే పట్టింది" అన్నారు.

మరి ఇంకో దారి లేదా అంటే, ఉంది, తపాలా. రిజిస్టరు బుక్ పోస్టు అని చవగ్గా ఉండే సదుపాయాన్ని 2024 డిసెంబరులో ఎత్తేశారు. చిన్న ప్రచురణకర్తలంతా లబోదిబోమన్నారు. తరవాత 2025 మే 1 నించి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. చదువుకూ, సాహిత్యానికీ సంబంధించిన అచ్చు పుస్తకాలు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోల దాకా అయితే 100 రూపాయలు, పన్నులు అదనం. విమానంలో కాదు, నేల మీదే పోతుంది. కాస్త నిదానం. అయినా ఒక్కసారే నాలుగైదు పుస్తకాలు తెప్పించుకుంటే, ఇంత చవక ఇంకెక్కడా లేదు. ప్రచురణకర్తలకి ఫోను చేసి అడిగితే చాలామంది పంపుతున్నారు. పుస్తకం మొదటి పేజీలో వాళ్ళ నంబరు ఉంటుంది.

శ్రీకాకుళంలో ఉన్న మా ఆడపడుచు తనకీ ఆ భాగవతం కావాలంది. ఈసారి ఫోను తియ్యలేదు. ఆ కౌంటరులోనే డబ్బు కట్టి, చిరునామా రాసిచ్చాను. నాలుగు పుస్తకాలు ఒకటే కట్టగా పంపారు, వారంలో చేరింది. మూలలు నలగలేదని ఫోను చేసి చెప్పింది.

వచ్చేస్తుంటే పెద్దాయన్ని ఊరికే అడిగాను, హైదరాబాదు పంపిన పది భాగవతాల్లో ఎన్ని పోయాయని. "మీదాంతో కలిపి మూడమ్మా" అన్నారు. "మిగతా ఏడింటికీ అక్కడ అద్దె నడుస్తోంది. వెనక్కి తెప్పించుకుందామంటే దానికీ మళ్ళీ కాపీకింత అని కట్టాలి. ఏది తక్కువో మా అబ్బాయి లెక్క వేస్తున్నాడు."